నిద్రపట్టాకే సంతకం

ఆ ఊరి పురపాలక సంఘంలో లైసెన్సు ఇన్‌స్పెక్టరు గారికి ఒకే ఒక్క పట్టుదల ఉండేది. రాత్రి పొద్దుపోయేదాకా తెరిచి ఉంచుతామని ఏ బారువాళ్ళు దరఖాస్తు పెట్టినా, ఆ బారుకి అన్నిటికంటే దగ్గరగా ఉన్న ఇంట్లో రాత్రి పడుకుని చూస్తే తప్ప ఆయన కాగితం మీద సంతకం పెట్టేవారు కాదు. పడుకోవడానికి దిండు కూడా ఆయనే తెచ్చుకునేవారు. అందుకని ఊరంతా ఆయన్ని దిండు ఇన్‌స్పెక్టరు అనేది. అసలు పేరు ఒకటి ఉండే ఉంటుంది. జీతాల రిజిస్టరులో వెతికితే దొరకొచ్చు. ఎవరూ వెతకలేదు.

ఆయన సంగతులన్నీ పూసగుచ్చినట్టు తెలిసిన మనిషి ఆ విభాగం హెడ్ గుమస్తా. పద్దెనిమిదేళ్ళుగా ఆవిడ బల్లా, ఆయన బల్లా ఎదురెదురు. ఆఫీసంతా ఆవిడని అక్కయ్య అని పిలిచేది. కమిషనరు గారు కూడా ఒకసారి నోరుజారి అలాగే పిలిచి, తర్వాత దగ్గి సర్దుకున్నారు. దిండు ఇన్‌స్పెక్టరు ఒక్కరే ఆవిడని చెల్లెమ్మా అనేవారు. ఆయన రాసిన రిపోర్టులకి నంబర్లు వేయడం, ఆయన మీద వచ్చిన ఫిర్యాదులకి జవాబులు రాయడం ఆవిడ పని. రెండో పనే ఎక్కువ.

నిబంధనల పుస్తకంలో ఒక వాక్యం ఉంది: ‘చుట్టుపక్కల నివాసముండువారికి ఇబ్బంది లేదని తనిఖీ అధికారి స్వయముగా తృప్తి చెందవలెను.’ మిగతా ఇన్‌స్పెక్టర్లు ఈ తృప్తిని పట్టపగలు, స్కూటరు దిగకుండానే పొందేవాళ్ళు. ఒకాయనైతే ఫోనులోనే తృప్తి చెందేవాడు. మన ఇన్‌స్పెక్టరు గారు మాత్రం స్వయముగా అంటే స్వయముగానే అని కూర్చున్నారు. చప్పుడు కొలిచే మీటరొకటి పురపాలక సంఘం ఎంతో మోజుపడి తెప్పిస్తే, దాన్ని పెట్టెతో సహా బీరువాలో పెట్టి తాళం వేశారు.

“అదేంటన్నయ్యా, అంత మంచి యంత్రం!” అంది అక్కయ్య.

“మంచిదే చెల్లెమ్మా. చెవులు చురుకే. కానీ పొద్దున్నే లేచి పనికి వెళ్ళే బాధ దానికి లేదుగా,” అన్నారాయన.

రాత్రి తొమ్మిదింటికి పరాయి మనిషి చంకలో దిండు పెట్టుకుని తలుపు కొడితే ఎవరైనా కంగారుపడతారు. ప్రతి ఇంటి దగ్గరా ఒకే సంభాషణ.

“ఎవరండీ?”

“పురపాలక సంఘం.”

“పన్ను కట్టేశామండీ.”

“పన్ను కాదమ్మా, నిద్ర. మీ ఇంట్లో పడుకోవాలి.”

లోపల గుసగుసలు. గడియ ఇంకొంచెం బిగుసుకున్న చప్పుడు. ఆయన గుర్తింపు కార్డు తలుపు కిందనుంచి లోపలికి తోసేవారు. ఆ కార్డులో ఫొటో ముప్పై ఏళ్ళ నాటిది. అందులో ఆయనకి ఒత్తైన జుట్టు. కార్డు మళ్ళీ బయటికి వచ్చేది. “ఇది మీరు కాదండీ,” అనేవారు. “నేనే తల్లీ, కాలం అలా చేసింది,” అనేవారు. ఆ మాటలోని దిగులుకి ఎంత గట్టి గడియైనా ఊడేది.

దిండు పగలంతా బీరువాలో, ఫైళ్ళ మధ్య ఉండేది. ఒకసారి బంట్రోతు హడావిడిలో ఫైళ్ళ కట్టతో పాటు దాన్నీ ఎత్తుకెళ్ళి కమిషనరు గారి బల్ల మీద పెట్టాడు. సాయంత్రానికి అన్నీ తిరిగొచ్చాయి. దిండు గలీబు మూలన ఆకుపచ్చ సిరాతో పొట్టి సంతకం, కింద తేదీ. కమిషనరు గారు ఆ రోజు ఎంత పనిలో ఉన్నారో దానివల్ల తెలిసింది. ఇన్‌స్పెక్టరు గారు ఆ గలీబుని ఉతకనివ్వలేదు. “ఇప్పుడిది మంజూరైన దిండు,” అని అందరికీ చూపించేవారు.

బార్ల యజమానులకి మాత్రం ఆ దిండంటే హడల్. ఏ వీధిలోకి దిండు మలుపు తిరిగిందని తెలిసినా ఆ వీధి బారులో పాట పాతాళానికి పడిపోయేది. సాయంత్రమయ్యేసరికి పురపాలక సంఘం గేటు ఎదురుగా సోడాబండి దగ్గర నలుగురు మనుషులు ఊరికే నిలబడి ఉండేవాళ్ళు. స్కూటరు వెనక దిండు కనిపించగానే నలుగురూ నాలుగు ఫోన్లు తీసేవాళ్ళు. ఈ సంగతి కనిపెట్టిన ఇన్‌స్పెక్టరు గారు ఒక పాత దిండుని బంట్రోతు సైకిలుకి కట్టి తూర్పువైపు పంపించి, తాను అసలు దిండుని గోనెసంచీలో పెట్టుకుని పడమటివైపు వెళ్ళడం మొదలుపెట్టారు. ఆ రోజుల్లో తూర్పువైపు బార్లన్నీ చాలా మర్యాదగా నడిచాయి. ఒక యజమాని బ్రతిమాలి చూద్దామని కొత్త దిండు కానుకగా తెచ్చాడు. ఇన్‌స్పెక్టరు గారు దాన్ని రెండుసార్లు నొక్కి చూసి వెనక్కి ఇచ్చేశారు.

“లంచం తీసుకోరా సార్?”

“అది తర్వాత సంగతి. మెడ పట్టేస్తుంది.”

రిపోర్టు ఎప్పుడూ రెండు ముక్కలే. మొదటి ముక్క, ‘నిద్ర: గాఢం’ అనో, ‘కలత’ అనో, ‘లేదు’ అనో. రెండో ముక్క, ఎన్ని గంటల వరకు తెరవొచ్చో. గాఢమైతే రెండింటి దాకా, కలతైతే పన్నెండింటి దాకా, లేదంటే లేదు. మిగతా ఇన్‌స్పెక్టర్లు పది పేజీలు రాసేవాళ్ళు. వాటిని లైసెన్సుల కమిటీలో ఎవరూ చదివేవాళ్ళు కాదు. ఈ రెండు ముక్కలు మాత్రం అందరూ చదివేవాళ్ళు.

ఇంతవరకూ బాగానే ఉంది. ఆఫీసుకి మింగుడుపడని సంగతి ఇంకొకటి. రాత్రి అంత హాయిగా పడుకుని వచ్చిన మనిషి పగలు కూడా పడుకునేవారు. పదకొండయ్యేసరికి కలం చేతిలోనే ఉండేది, తల మాత్రం నెమ్మదిగా కాగితాల వైపు ప్రయాణం కట్టేది. దరఖాస్తుదారులు వచ్చి బల్ల ముందు నిలబడి దగ్గేవాళ్ళు. అక్కయ్య తన బల్ల దగ్గర్నుంచే, “ఆలోచిస్తున్నారండీ, కూర్చోండి,” అనేది. ఒకరోజు ఆ ఆలోచనకి గురక కూడా వచ్చింది. “చాలా లోతుగా ఆలోచిస్తున్నారు,” అంది అక్కయ్య, మొహంలో ఏ మార్పూ లేకుండా.

“రాత్రి డ్యూటీలో నిద్ర, పగలు ఆఫీసులో నిద్ర! మరి ఈయన మేలుకునేది ఎప్పుడు?” అని పక్క విభాగంవాళ్ళు నవ్వేవాళ్ళు.

“ఆదివారాలు,” అనేవాడు బంట్రోతు.

అక్కయ్య పైకి వెనకేసుకొచ్చేది గానీ, లోపల్లోపల ఆవిడకీ కొంచెం చిరాగ్గానే ఉండేది. పద్దెనిమిదేళ్ళుగా ఒక మనిషి నిద్రకి కాపలా కాయడం ఏ ఉద్యోగ నియామక పత్రంలోనూ ఉండదు కదా.

ఇలా ఉండగా మూలమీద బారు యజమాని దరఖాస్తు వచ్చింది. రాత్రి పదకొండింటికి మూస్తున్న బారుని ఇకమీద రెండింటికి మూస్తాననీ, పైన డ్యాన్సు హాలు కూడా పెడతాననీ దాని సారాంశం. మూడు వారాలపాటు రెండింటి దాకా నడిపి చూసుకోమని పురపాలక సంఘం తాత్కాలికంగా అనుమతి కూడా ఇచ్చింది. బారు వెనక ఆరడుగుల సందు. సందుకి అటువైపు మేడమీద రెండు గదుల వాటా. అందులో ఉండేది కుట్టుపని చేసే ఒకావిడ, ఆవిడ అత్తగారు. భర్త లారీ డ్రైవరు. పదిహేను రోజులకోసారి ఇంటికి వస్తాడు. కుట్టుపనావిడ అభ్యంతరం రాసి ఇచ్చింది. ఇన్‌స్పెక్టరు గారు దిండుతో వెళ్ళారు. ఒక రాత్రి కాదు, మూడు రాత్రులు వెళ్ళారు. ఆ తర్వాత రిపోర్టు వచ్చింది.

‘నిద్ర: గాఢం. అయినా రెండింటి వరకు వద్దు.’

అక్కయ్య ఆ కాగితాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసింది.

“అన్నయ్యా, నిద్ర గాఢమైతే రెండింటి దాకా ఇవ్వాలి కదా. ఎప్పుడూ అలాగే ఇచ్చారు కదా.”

“ఈసారి అలా కాదమ్మా.”

“ఎలా కాదు? కారణం ఒక్క ముక్క రాయండి.”

“రాయలేను చెల్లెమ్మా,” అని ఆయన కిటికీలోంచి బయటికి చూశారు. తర్వాత ఆలోచనలో పడ్డారు. పావుగంట ఆలోచించారు.

మూలబారు యజమాని ఊరుకునే రకం కాదు. ఆ డ్యాన్సు హాలు కోసం పక్క స్థలం కూడా అద్దెకి తీసేసుకున్నాడు. వెంటనే ఒక యువ వకీలుని పెట్టుకున్నాడు. ఆ వకీలు అడిగే మూడో ప్రశ్నకి ఎంతటివాడైనా కూలబడతాడని ఊళ్ళో పేరు. రెండు రోజుల్లో కమిషనరు గారికి ఫిర్యాదు అందింది. ఇన్‌స్పెక్టరు తన రిపోర్టుకి తానే విరుద్ధంగా రాశారనీ, అభ్యంతరం పెట్టినవారి ఇంట్లో మూడు రాత్రులు గడిపి వాళ్ళ పక్షం చేరారనీ, ఆ ఇంటి ముసలావిడ ఆయన్ని వీధిలో వినబడేలా ‘తమ్ముడూ’ అని పిలుస్తోందనీ అందులో ఉంది. కమిషనరు గారు ఈసారి చదివే సంతకం పెట్టారు. మంగళవారం లైసెన్సుల కమిటీ విచారణలో ఇన్‌స్పెక్టరు సాక్ష్యం చెప్పాలి. రిపోర్టు తప్పని తేలితే సస్పెన్షను. ఆయన రిటైరు కావడానికి అప్పటికి పదకొండు నెలలుంది.

విచారణ నోటీసు కుట్టుపనావిడకి అందించాలి. బంట్రోతుకి జ్వరం. అక్కయ్యే మధ్యాహ్నం భోజనం మానేసి బయల్దేరింది. అసలు ఆవిడకి ఆ ఇల్లు ఒకసారి చూడాలని ఉంది.

చెప్పులు కుట్టే దుకాణం పక్కనుంచి ఇరుకు మెట్లు. పైన తలుపుకి రెండు గడియలు. ఒకటి మామూలు చోట, ఇంకొకటి మునివేళ్ళ మీద నిలబడితే గానీ అందనంత పైన. లోపల కిటికీ కింద కుట్టుమిషను, దాని పక్కన నడుమెత్తున ఆసుపత్రి నర్సుల యూనిఫారాలు. కిటికీలోంచి చూస్తే కిందే బారు పెరటి తలుపు, ఇనుప షట్టరు, పెద్ద ఇనుప చెత్తతొట్టి. గోడవారగా మంచం మీద తెల్లగా మల్లెపువ్వులాంటి జుట్టుతో ముసలావిడ కూర్చుని, ఒక రుమాలుని మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెడుతోంది.

“తమ్ముడు రాలేదా?” అంది ముసలావిడ, అక్కయ్యని చూడగానే.

“వస్తారత్తయ్యా,” అంది కోడలు. నోట్లో గుండుసూదులు పెట్టుకుని మాట్లాడుతోంది. కళ్ళ కింద నల్లగా చారలు.

అక్కయ్య నోటీసు ఇచ్చి సంతకం తీసుకుంది. వెళ్ళబోతూ ఆగింది.

“ఒక్కమాట అడుగుతానమ్మా. మా ఇన్‌స్పెక్టరు గారికి ఇక్కడ నిద్ర బాగా పట్టిందా?”

కుట్టుపనావిడ గుండుసూదులు తీసి మిషను మీది చిన్న సూదుల దిండులో గుచ్చింది. ఏదో చెప్పబోయి ఆగిపోయింది. “నిద్ర చాలా బాగా పట్టిందండీ,” అంది చివరికి, తలొంచుకుని. “అంత నిద్ర ఈ నాలుగు నెలల్లో లేదు.”

అక్కయ్యకి ఏమీ అర్థం కాలేదు. నాలుగు నెలలుగా ఆయన ఆఫీసులో పడుకున్న నిద్రంతా ఆవిడ కళ్ళారా చూసిందాయె. మెట్లు దిగుతుంటే పైనుంచి ముసలావిడ మళ్ళీ అడగడం వినిపించింది, “తమ్ముడు వెళ్ళిపోయాడా?” అని.

మంగళవారం పదకొండింటికి విచారణ. పురపాలక సంఘం సమావేశ మందిరంలో పొడుగాటి బల్ల, దాని వెనక కమిటీ అధ్యక్షురాలు, అటొకరు ఇటొకరు సభ్యులు. కుర్చీలన్నీ నిండిపోయాయి. దుకాణాల అనుమతులకి వచ్చినవాళ్ళు, నల్లా కనెక్షనుకి వచ్చినవాళ్ళు కూడా దిండు ఇన్‌స్పెక్టరుని వకీలు నిలదీస్తాడట అని తెలిసి తమ పనులు వాయిదా వేసుకుని కూర్చున్నారు. అక్కయ్య ఒక పక్క చిన్న బల్ల దగ్గర, విచారణ నమోదు పుస్తకం తెరుచుకుని ఉంది.

వకీలు లేచాడు.

“ఇన్‌స్పెక్టరు గారూ, ‘నిద్ర: గాఢం’ అని రాశారు. ఇది మీ చేతిరాతే కదా?”

“నాదేనండీ.”

“ఆ మూడు రాత్రులూ మీరు నిద్రపోయారా?”

ఇన్‌స్పెక్టరు గారు అక్కయ్య వైపు చూశారు. అక్కయ్య ‘అవునని చెప్పండి’ అన్నట్టు కళ్ళు పెద్దవి చేసింది.

“లేదండీ,” అన్నారాయన.

మందిరం గొల్లుమంది. వకీలు కూడా ఒక్క క్షణం తడబడ్డాడు. ఆ జవాబుకి తగ్గ మూడో ప్రశ్న అతను తయారు చేసుకుని రాలేదు. అప్పటికప్పుడు చేసుకున్నాడు.

“ఒక్క నిమిషం కూడా పోలేదా?”

“ఒక్క నిమిషం కూడా లేదండీ.”

“అయితే గాఢనిద్ర అని రాసింది అబద్ధమన్నమాట! ప్రభుత్వ రికార్డులో అబద్ధం!”

“అబద్ధం కాదండీ.”

“నిద్రపోలేదు, గాఢనిద్ర అబద్ధమూ కాదు. అయ్యా, పోనీ రాత్రంతా మేలుకుని ఆ ఇంట్లో మీరు చేసిందేమిటో సెలవిస్తారా?”

ఇన్‌స్పెక్టరు గారు బట్టతల తడుముకున్నారు. “అది చెప్పడానికి లేదండీ,” అన్నారు.

అక్కయ్య కలం ఆగిపోయింది. ఆ ఒక్క వాక్యంతో పదకొండు నెలల ఉద్యోగమూ పోతుందని ఆవిడకి తెలుసు. రాయాలా వద్దా అని తటపటాయిస్తుండగా మూడో వరసలో కుర్చీ కిర్రుమంది. కుట్టుపనావిడ లేచి నిలబడింది.

“ఆయన పడుకోలేదండీ,” అంది. “పడుకుంది నేను.”

“నువ్వు కూర్చో తల్లీ,” అన్నారు ఇన్‌స్పెక్టరు గారు కంగారుగా.

“కూర్చోను బాబాయ్. మీరు చెప్పొద్దన్నారు, ఇన్నాళ్ళూ చెప్పలేదు. ఇక నావల్ల కాదు.” ఆవిడ కమిటీ వైపు తిరిగింది. “మా అత్తయ్యకి మతి నిలవట్లేదండీ. రాత్రిళ్ళు గంటకోసారి లేస్తుంది. ఇది మన ఇల్లు కాదంటుంది. తలుపు తీసుకుని వెళ్ళిపోబోతుంది. నాలుగు నెలలుగా నేను వరసగా రెండు గంటలు పడుకున్నది లేదు. ఆ రోజు ఈయన దిండు పట్టుకుని వచ్చి ఎవరెక్కడ పడుకుంటారని అడిగారు. చెప్పాను. నా మొహం చూశారు. ఆ దిండు నా చేతిలో పెట్టేసి, ‘అమ్మా, నేనెలాగూ చప్పుడు వినాలి. వినడానికి కూర్చుంటే చాలు. నువ్వు లోపలి గదిలో పడుకో, ఈవిణ్ణి నేను చూసుకుంటాను’ అన్నారు. నాకు భయమేసింది. లోపలి గది తలుపు తీసే పడుకున్నాను. పడుకున్నానంతే. కళ్ళు తెరిచేసరికి తెల్లారి ఏడయింది. అత్తయ్య తల దువ్వి ఉంది. ఇద్దరూ టీ తాగుతున్నారు. ఆవిడ చిన్నప్పుడు బళ్ళో పాడిన పాట ఈయనకి నేర్పుతోంది.”

అధ్యక్షురాలు కళ్ళజోడు తీశారు. “ఈ మాట రిపోర్టులో రాయడానికి మీకేం అడ్డం?” అని అడిగారు.

“ముసలావిణ్ణి ఎవరో పరాయివాడికి అప్పగించి కోడలు హాయిగా పడుకుందని వీధిలో నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటారండీ,” అన్నారు ఇన్‌స్పెక్టరు గారు నేల చూపులు చూస్తూ. “రిపోర్టు ఎవరైనా చదవొచ్చు కదండీ.”

ఆ క్షణంలో అందరికీ కళ్ళు చెమర్చేవే. కానీ వకీలు ఉన్నాడు. అతను వృత్తిధర్మం మరిచే మనిషి కాదు.

“అధ్యక్షా! ఇది చాలా మంచి సాక్ష్యం. మా బారు రెండింటి దాకా తెరిచి ఉన్న మూడు రాత్రులూ అభ్యంతరం పెట్టిన మనిషే ఏడింటి దాకా గాఢంగా నిద్రపోయింది. ఇక మావల్ల ఇబ్బందేమిటి? దయచేసి నమోదు చేయించండి.”

కుట్టుపనావిడ మొహం పాలిపోయింది. నిజం చెప్పి తన అభ్యంతరాన్ని తానే తీసి చెత్తలో పారేసినట్టయింది. ఇన్‌స్పెక్టరు గారు తన కాలు తానే తొక్కుకున్నవాడిలా నిలబడ్డారు. అక్కయ్యకి వేరే దారి లేదు. నమోదు చేసింది. కలం మాత్రం కాగితాన్ని చింపేంత గట్టిగా పడింది.

“ఇన్‌స్పెక్టరు గారూ,” అన్నారు అధ్యక్షురాలు, “మరి మీరు మేలుకునే ఉన్నారు కదా. ఏం విన్నారు?”

ఆయన జేబులోంచి చిన్న నోటుపుస్తకం తీశారు. తీసి, కుట్టుపనావిడ వైపు చూశారు. ఆవిడ చదవమన్నట్టు తలూపింది.

“పదకొండు ఇరవై. పాట. పెద్దావిడ కాలితో తాళం వేసింది. పన్నెండు. ఇంకో పాట. నచ్చలేదంది. పన్నెండూ పావు. గేటు దగ్గర కొందరు వెళ్ళొస్తాం, వెళ్ళొస్తాం అనుకున్నారు. పెద్దావిడ కూడా కిటికీలోంచి వెళ్ళిరండి అంది. పన్నెండున్నర. నిద్రపోయింది.” ఆయన పేజీ తిప్పారు. “ఒంటిగంటా నలభై. సీసాలు.”

“ఏం సీసాలు?”

“ఖాళీ సీసాలండీ. నాలుగు పెట్టెల సీసాలు ఇనుప తొట్టిలో ఒక్కసారిగా గుమ్మరించారు. పెద్దావిడ ఉలిక్కిపడి లేచింది. ఇల్లు కూలిపోయిందంది. తలుపు దగ్గరికి పరిగెత్తింది. సర్దడానికి నలభై నిమిషాలు పట్టింది. రెండూ ఇరవై. ఇనుప షట్టరు కిందికి లాగారు. మళ్ళీ లేచింది. ఈసారి ఏడ్చింది. తెల్లారేదాకా పడుకోలేదు.” ఆయన పుస్తకం మూశారు. “మూడు రాత్రులూ ఇంతేనండీ. కోడలు అలసిపోయి ఉంది కాబట్టి లేవలేదు. నేను లేని రోజున లేవాల్సింది తనే. పాట వల్ల ఏ బాధా లేదండీ. అవతలి గదిలో ఎవరో ఉన్నారని పెద్దావిడకి ధైర్యంగా కూడా ఉంది. ఆ సీసాలూ, ఆ షట్టరే.”

మూలబారు యజమాని కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. “సీసాలా?” అన్నాడు. “అయ్యబాబోయ్! మూడు వారాలుగా పాట తగ్గించి, తగ్గించి, చివరికి మా బారులో పాట పాడేవాడి పెదాలే కదులుతున్నాయి గానీ మాట వినిపించట్లేదని గిరాకీలు తిట్టిపోస్తున్నారు. సీసాలని ఒక్కరు చెబితే పొద్దున్న పారబోయించేవాణ్ణి కదండీ! నాకేమైనా వాటితో పంతమా?”

వకీలు అతని చొక్కా పట్టుకుని కూర్చోబెట్టబోయాడు. అతను కూర్చోలేదు. “షట్టరుకి రబ్బరు కూడా వేయిస్తానండీ. మీ అత్తగారికి చెప్పమ్మా,” అన్నాడు.

ఇంతలో వెనక వరసలోంచి టీకొట్టు అనుమతికి వచ్చిన మనిషి లేచాడు. “అయ్యా, నాదీ ఒక మాట. పోయినేడు మా ఇంటికీ వచ్చారీయన. మా నాన్న కాలు విరిగి మంచంలో ఉన్న రోజులు. ఆ రాత్రి నేనూ పడుకున్నాను.” పక్కనుంచి ఒక నర్సు, “మా ఇంట్లో కవలలండీ. ఇద్దరినీ చెరో భుజం మీద వేసుకుని తెల్లార్లూ వరండాలో తిరిగారు. నేను డ్యూటీకి వెళ్ళకపోతే ఉద్యోగం పోయేది,” అంది. నల్లా కనెక్షనుకి వచ్చిన ముసలాయన ఏం చెప్పాలో తోచక, “మా ఇంటికి రాలేదు. మాకు దగ్గర్లో బారు లేదు,” అని బాధగా చెప్పి కూర్చున్నాడు.

అక్కయ్యకి అప్పుడు తట్టింది. బీరువానిండా ఉన్న ఆ రిపోర్టుల్లో ‘నిద్ర: గాఢం’ అని ఉందే గానీ, ఎవరి నిద్రో ఆయన ఒక్కచోటా రాయలేదు. బరువు దించాక కూడా ఆ ఇంటివాళ్ళకి నిద్రపట్టకపోతే బారుదే తప్పు. పడితే బారుది కాదు. అదీ ఆయన లెక్క. పద్దెనిమిదేళ్ళుగా పొద్దున పదకొండింటికి బల్ల మీద వాలిపోయిన ఆ తలని తలుచుకుని ఆవిడ కలం పక్కన పెట్టి, ముక్కు చీదుకుని, మళ్ళీ కలం తీసుకుంది.

కమిటీ పావుగంటలో నిర్ణయం చెప్పింది. బారు పన్నెండింటి దాకా తెరవొచ్చు. సీసాలు ఉదయం ఎనిమిది తర్వాతే తొట్టిలో వేయాలి. షట్టరుకి వారంలో రబ్బరు వేయించాలి. డ్యాన్సు హాలు సంగతి ఆర్నెల్ల తర్వాత. ఇన్‌స్పెక్టరు మీద చర్య ఏదీ అవసరం లేదు. అయితే కమిషనరు గారు ఆయన్ని గదికి పిలిపించి, అక్కయ్య ఎదురుగా, కాస్త కటువుగానే మాట్లాడారు.

“రోగులకి సేవ చేయమని, పిల్లల్ని ఎత్తుకోమని ఏ నిబంధనలో ఉందయ్యా?”

“తృప్తి చెందమని ఉందండీ,” అన్నారు ఇన్‌స్పెక్టరు గారు వినయంగా. “చెందానండీ.”

కమిషనరు గారు ఒక కాగితం ముందుకి లాక్కున్నారు. రాత్రి తనిఖీకి వెళ్ళిన ఇన్‌స్పెక్టరు మర్నాడు మధ్యాహ్నం నుంచి పనికి వస్తే చాలునని ఒక ఉత్తర్వు రాశారు. ఆ ఉత్తర్వు వల్ల అందరికంటే ఎక్కువగా లాభపడింది అక్కయ్య. దరఖాస్తుదారులకి అబద్ధం చెప్పే పని తప్పింది.

రెండు వారాల తర్వాత తపాలాలో ఒక అభ్యంతర పత్రం వచ్చింది. చక్కని న్యాయభాషలో, పేరాలకి నంబర్లతో టైపు చేసి ఉంది. అక్కయ్య పైకి చదివింది.

“‘ఒకటి. మా వీధిలో ప్రస్తుతం బారు ఏదీ లేదు. రెండు. అయితే భవిష్యత్తులో రాదని చెప్పజాలము. మూడు. కావున ముందుజాగ్రత్తగా మా తీవ్ర అభ్యంతరము తెలియజేయుచు, అధికారివారు వెంటనే ఒక రాత్రి, వీలైనచో రెండు రాత్రులు, మా ఇంట తనిఖీ జరుపవలసినదిగా కోరుచున్నాము. నాలుగు. మాకు నలభై రోజుల పాప కలదు.’”

కింద సంతకం ఆ యువ వకీలుది.

ఇన్‌స్పెక్టరు గారు నవ్వాపుకుంటూ కళ్ళజోడు తుడుచుకున్నారు.

“దగ్గర్లో బారే లేదు కదన్నయ్యా. నిబంధనల ప్రకారం దీన్ని తిప్పి పంపాలి,” అంది అక్కయ్య.

“పంపాలి మరి,” అన్నారాయన. అని, ఆ కాగితం చేతిలోకి తీసుకుని, “ఆ పాప మగపిల్లాడా, ఆడపిల్లా? అది రాయలేదు చూశావా? దరఖాస్తు అసంపూర్తిగా ఉంది చెల్లెమ్మా. స్వయంగా వెళ్ళి కనుక్కోక తప్పదు,” అన్నారు.

“పాప అంటే ఆడపిల్లే కదన్నయ్యా.”

“అలా మనమే అనేసుకుంటే ఎలా?”

అక్కయ్య ఆ కాగితానికి నంబరు వేసింది.